బెంగళూరులో డాబ్ రేడియో: డాబు బోలెడు, స్టేషన్లు సున్నా

పోయిన ఏడాది శ్రావణమాసంలో, సరిగ్గా హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా మా కారు స్టీరియో ఆగిపోయింది. పాట మధ్యలో 'టిక్' మని ఒక్క శబ్దం, అంతే. ఫ్యూజు చూశాం, బాగానే ఉంది. ఇంటి దగ్గర మెకానిక్ విప్పి చూసి, "బోర్డు పోయింది మేడం, పన్నెండేళ్ళు వాడారుగా, ఇక చాలు" అన్నాడు. కారుకి ఇంకో నాలుగైదేళ్ళ ఆయుష్షు ఉంది. స్టీరియో లేకుండా మాత్రం నాకు కుదరదు.

ఎందుకు కుదరదో చెప్పాలి. నేను రెండు వారాలకోసారి హిందూపురం వెళ్తాను. అక్కడ మా నాయన ఒక్కడే ఉంటాడు, డెబ్బై తొమ్మిదేళ్ళు. ఆస్పత్రి పని ఉంటే కార్లో బెంగళూరు తీసుకొస్తాను, మళ్ళీ దించి వస్తాను. ఎలహంక, దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు మీదుగా వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. ఆ దారంతా ఆయనకి రేడియో కావాలి. పెన్‌డ్రైవ్‌లో పాటలు వేసిస్తే "ఇది నా ఇష్టం కాదు, నీ ఇష్టం" అంటాడు. రేడియోలో ఎవరో మనకి తెలియని మనిషి కూర్చుని ఏదో వేస్తాడు, అదే ఆయనకి ఆనందం.

స్టీరియో పోయిందని ఫోన్లో చెబితే ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "తిప్పే బిళ్ళ ఉండేది తీసుకో పాపా. అద్దం మీద వేలు పెట్టి రుద్దేది నాకొద్దు."

నేను వినలేదు. అక్కణ్ణుంచే కథంతా.

ముందు మా అక్క కొడుకు సంగతి. వాడు ఇంగ్లండులో లీడ్స్‌లో ఉంటాడు. అంతకు ముందు సంక్రాంతికి వచ్చినప్పుడు, అక్కడ తన పాత కారు అమ్మేస్తూ విప్పి ఉంచుకున్న స్టీరియో ఒకటి పెట్టెలో పెట్టి తెచ్చాడు. "డాబ్ రేడియో పిన్నీ, డిజిటల్. ఎఫ్‌ఎం అంతా పాత కథ" అన్నాడు. డీఏబీ అని రాసి డాబ్ అని పలుకుతారట. మా నాయన ఆ మాట విని "డాబా? పేరుకు తగ్గట్టే ఉంది" అన్నాడు. అది బీరువా పైన కూర్చుంది.

వాడు చెప్పింది వాడి ఊరికి నిజమే. యూరప్‌లో 2020 డిసెంబరు తర్వాత అమ్మే కొత్త కార్లలో రేడియో ఉంటే అది డిజిటల్ ప్రసారాలు కూడా అందుకోవాలని నియమం ఉంది. నార్వే అయితే 2017లో జాతీయ స్టేషన్లన్నిటినీ ఎఫ్‌ఎం నుంచి తీసేసి డాబ్‌కి మార్చేసింది. చిన్న చిన్న స్థానిక స్టేషన్లు మాత్రం ఎఫ్‌ఎంలో ఉండిపోయాయి. ఈ డాబ్ నడిచేది 174 నుంచి 240 మెగాహెర్ట్జ్ మధ్య. మన దగ్గర ఒకప్పుడు ఇంటి పైన పొడుగాటి యాంటెనాతో దూరదర్శన్ పట్టుకున్నది ఇంచుమించు ఆ పరిధిలోనే. ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద ఒకే స్టేషన్ కాకుండా పది పదిహేను స్టేషన్లని ఒకే మూటగా కట్టి పంపుతారు. ఒక ప్రాంతమంతా టవర్లన్నీ ఒకే ఫ్రీక్వెన్సీలో పంపొచ్చు కాబట్టి కారు నడిపేవాళ్ళు ఊరు మారినప్పుడల్లా స్టేషన్ వెతుక్కోనక్కరలేదు.

ఆ మూట కట్టి పంపే టవరు మన దేశంలో లేదు. ఇది తెలుసుకోవడానికి నాకు ఇంటర్నెట్టు అక్కర్లేకపోయింది. జేసీ రోడ్డులో మొదటి షాపులో అడిగితే "డాబ్? అదేంటి మేడం, బ్లూటూతా?" అన్నారు.

జేసీ రోడ్డు తెలియనివాళ్ళ కోసం: టౌన్‌హాల్ దగ్గర మొదలవుతుంది. కారుకి కావలసిందల్లా అక్కడ దొరుకుతుంది, కారు ఆపుకోవడానికి చోటు తప్ప. శనివారం పదకొండు తర్వాత వెళ్తే షాపు ముందే రోడ్డు మీద నాలుగు కార్లకి తలుపులు తెరిచి వైర్లు పీకుతుంటారు. మొత్తం ఐదు షాపులు తిరిగాను. అన్నిచోట్లా ఒకటే పాట: "తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ సిస్టమ్ వేయించండి మేడం, రివర్స్ కెమెరా ఫ్రీ." రేడియో ఎలా వస్తుందని అడిగితే నవ్వారు. మీడియం వేవ్, అంటే పాత ఆకాశవాణి స్టేషన్లు వచ్చే బ్యాండు, వస్తుందా అని అడిగినప్పుడు ఒక కుర్రాడు లోపలికి వెళ్ళి ఇంకో కుర్రాణ్ణి పిలుచుకొచ్చాడు, వింత చూపించడానికి.

చివరికి ఆండ్రాయిడ్ సిస్టమే కొన్నాను. ఏ కంపెనీయో చెప్పను. పెట్టె మీదున్న పేరు అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. సిస్టమ్ 8,500, ఫ్రేమ్ 900, కప్లర్ 500, బిగించినందుకు 700. కప్లర్ గురించి ఒక మాట. కారు వైర్లు కోసి టేపు చుట్టి కలుపుతామంటే ఒప్పుకోకండి. కారు కంపెనీ సాకెట్‌కి ఒకవైపు, కొత్త స్టీరియోకి ఇంకోవైపు సరిపోయే కప్లర్ దొరుకుతుంది. ఆ ఐదువందలు మిగుల్చుకుంటే రేపు స్టీరియో మార్చాల్సి వచ్చినప్పుడు ఏ తీగ ఎక్కడిదో ఎవరికీ తెలియదు. నాది రెండు నెలల్లోనే మార్చాల్సి వచ్చింది కాబట్టి ఈ సలహా అనుభవం మీద ఇస్తున్నాను.

పెట్టె మీద '4×60 వాట్స్' అని పెద్ద అక్షరాలు. నేను లెక్కల పనిలో ఉన్నాను, అంకె కనబడితే కూడకుండా ఉండలేను. నాలుగు అరవైలు 240 వాట్లు. సిస్టమ్ వెనక ఉన్న ఫ్యూజు 10 ఆంపియర్లు. ఇంజిన్ నడుస్తుంటే కారు కరెంటు దాదాపు 14 వోల్టులు. పద్నాలుగు పదులు 140. లోపలికి 140 వాట్లే పోయే పెట్టెలోంచి 240 వాట్లు బయటికి ఎలా వస్తాయి? షాపాయన్ని అడిగితే "అది పీక్ మేడం" అన్నాడు. పీక్ అంటే కన్ను మూసి తెరిచేంతసేపు వచ్చే బలం. ఆగకుండా ఇచ్చేది ఆర్‌ఎంఎస్ అని చిన్న అక్షరాల్లో రాస్తారు, రాస్తే. పేరున్న కంపెనీల స్టీరియోల్లో కూడా స్పీకరుకి ఇరవై వాట్లు అటూ ఇటూగానే ఉంటుంది, చిన్న కారుకి అది చాలు. పెట్టె మీద అంకె చూసి మురిసిపోయి కొనకండి.

బిగించిన రోజు రాత్రి తెర తళతళలాడింది. మర్నాడు ఎఫ్‌ఎం పెట్టాను. 91.1 పెట్టినా, 98.3 పెట్టినా వెనకాల పెనం మీద నూనె చిటపటలాడుతున్న శబ్దం. టౌన్‌హాల్ నుంచి మూడు కిలోమీటర్లు దాటకముందే అది. 2001లో దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్ మొదలైన ఊరు ఇది. ఈ ఊళ్ళో ఎఫ్‌ఎం రాకపోవడమేమిటి? పాత స్టీరియోకి ఇవే స్టేషన్లు దొడ్డబళ్ళాపురం దాకా వచ్చేవి.

షాపుకి వెళ్తే "ఎఫ్‌ఎం ఇంతే మేడం, ఇప్పుడెవరు వింటున్నారు" అన్నారు. ఇంకో షాపులో బిగించే కుర్రాడు, కదిరి వాడు, నా మాటతీరు విని తెలుగులోకి దిగాడు. "అక్కా, మీ కారు పైన ఉండే యాంటెనా పొట్టిది. దాని అడుగున చిన్న బూస్టర్ ఉంటాది. దానికి కరెంటు ఇయ్యల్ల. నీలం తీగ కలపలేదు వాళ్ళు." ఐదు నిమిషాల్లో కలిపేశాడు, వంద రూపాయలు తీసుకున్నాడు. చిటపట సగానికి తగ్గింది.

మిగతా సగం కోసం నేనే పత్తేదారు పని చేశాను. డ్యాష్‌క్యామ్ ఛార్జరు పీకేశాను, ఇంకొంచెం తగ్గింది. చవక ఛార్జర్లు, కొన్ని ఎల్‌ఈడీ దీపాలు రేడియోకి పక్కింటి మిక్సీ లాంటివి. మీ రేడియోలో గోల ఉంటే ఒక్కొక్కటీ పీకి చూడండి, ఖర్చు లేని పరీక్ష. అన్నీ పీకేశాక కూడా మిగిలిన గోల ఆ ఆండ్రాయిడ్ సిస్టమ్ లోపలిదే. అది చౌకగా చేసిన చిన్న కంప్యూటర్, దానికి రేడియో ఒక తోక.

నాయన ఎక్కాడు ఆ వారం. మీడియం వేవ్ అందులో అసలు లేదు. ఎఫ్‌ఎం మార్చాలంటే తెర మీద గీతని వేలితో లాగాలి. కారు గుంతలో పడ్డప్పుడల్లా ఆయన వేలు ఇంకెక్కడో పడుతుంది. ఒకసారి నా ఫోన్లో ఎవరికో కాల్ వెళ్ళిపోయింది. గౌరిబిదనూరు దాకా ఆయన మాట్లాడలేదు. ఆ తర్వాత "తెర బాగుంది, సినిమా చూడొచ్చు" అన్నాడు. మెచ్చుకోలు కాదది.

పైగా రోజూ పొద్దున కారు తీయగానే గడియారం 12:00 చూపిస్తుంది, దాచుకున్న స్టేషన్లన్నీ పోతాయి. కదిరి కుర్రాడే అది కూడా పట్టుకున్నాడు. స్టీరియోకి పసుపు తీగ ఎప్పుడూ కరెంటు ఉండేది, జ్ఞాపకం కోసం. ఎరుపు తీగ తాళం తిప్పితేనే వచ్చేది. బిగించినవాళ్ళు రెండింటినీ తాళం వైపే కలిపారు. తిరగేసి రెండూ బ్యాటరీకే కలిపి ఉంటే రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోయేది, అది జరగనందుకు సంతోషించాను.

రెండు నెలలు భరించి, సిస్టమ్ వెనక్కిచ్చేశాను. షాపువాళ్ళు గంట వాదించి, రెండున్నర వేలు కోసుకుని మిగతాది ఇచ్చారు. ఆ గంట గురించి ఎక్కువ రాయను, బీపీ పెరుగుతుంది.

అప్పుడు బీరువా మీదున్న పెట్టె గుర్తొచ్చింది. డాబ్ ఇక్కడ రాదు, సరే. కానీ దాంట్లో ఎఫ్‌ఎం కూడా ఉందిగా? యూరప్ ఎఫ్‌ఎం పరిధి 87.5 నుంచి 108, మనదీ అదే. మీడియం వేవ్ కూడా ఉంది. ఇక్కడ మెలిక ఒకటుంది. అమెరికా నుంచి తెచ్చే స్టీరియోలు మీడియం వేవ్‌లో పదేసి కిలోహెర్ట్జ్ చొప్పున గంతులేస్తాయి, మనకీ యూరప్‌కీ తొమ్మిదేసి. బెంగళూరు ఆకాశవాణి 612, కడప 900. తొమ్మిదితో భాగిస్తే రెండూ తెగుతాయి. అమెరికా స్టీరియో 610 దగ్గర ఆగి 620కి దూకుతుంది, 612 మధ్యలో ఉండిపోతుంది. కొన్నిటిలో దేశం మార్చుకునే సెట్టింగ్ ఉంటుంది, అడిగి చూసుకోవాలి. జపాన్ నుంచి వచ్చిన వాడిన కార్ల స్టీరియోలు ఇంకా కష్టం, వాటి ఎఫ్‌ఎం 76 దగ్గర మొదలై మన స్టేషన్లు చాలావాటికి ముందే అయిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, దానికి తిప్పే బిళ్ళ ఉంది. పెద్దది, గుండ్రటిది, అంచున గరుకుతో.

కదిరి కుర్రాడి దగ్గరికే తీసుకెళ్ళాను. అది సింగిల్ డిన్, అంటే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. మా డ్యాష్‌బోర్డులో చోటు డబుల్ డిన్, ఎత్తు దానికి రెట్టింపు. మిగిలిన సగంలో చిన్న అర ఉండే ఫ్రేమ్ దొరికింది, 650. యాంటెనా పిన్ను తేడా, దానికి 150 రూపాయల అడాప్టర్. బిగింపు 800. మొత్తం 1,600. వాడు డాబ్ కోసం వేరే యాంటెనా ఉందని కనిపెట్టి, అద్దానికి అంటించే పల్చటి రేకు, సరదాగా అది కూడా పెట్టి చూద్దామన్నాడు. పెట్టాం. తెర మీద ఒక గీత నిండుతూ పోయింది. చివర్లో సున్నా. "ఏంది అక్కా, ఒక్కటీ దొరకలా" అని వాడికే బాధేసింది. అద్దం మీది రేకు పీకి పెట్టెలో వేశాం.

ఇక ఎఫ్‌ఎం. ముందు 100.1, అమృతవర్షిణి పెట్టాను. ఆకాశవాణి వాళ్ళ శాస్త్రీయ సంగీతం స్టేషన్. బెంగళూరు ఎఫ్‌ఎంలో తెలుగు వినాలంటే నాకు తెలిసిన నమ్మకమైన దారి ఇదే, త్యాగరాజస్వామి పుణ్యాన. తంబురా శబ్దం వెనక నిశ్శబ్దం వినిపించింది. రెండు నెలలుగా ఆ చిటపటకి అలవాటు పడిపోయి, వీణ తీగ మీద వేలు జారే చప్పుడు ఎలా ఉంటుందో మర్చిపోయాను. కాసేపు షాపు ముందే కూర్చుండిపోయాను, వెనక కారువాడు హారన్ కొట్టేదాకా. ఆ తర్వాత 101.3 రెయిన్‌బో, 102.9 వివిధభారతి, ప్రైవేటువన్నీ శుభ్రంగా వచ్చాయి.

ఎఫ్‌ఎం పోయే పద్ధతి కూడా నాకు నచ్చుతుంది. దొడ్డబళ్ళాపురం దాటి మాకళిదుర్గం కొండలు వస్తుంటే పాట మీద సన్నటి ఇసుక పడుతుంది. మెల్లగా ఇసుక ఎక్కువవుతుంది. పాట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. మనకి సిద్ధపడే వ్యవధి ఇస్తుంది. డిజిటల్ అలా కాదని మా అక్క కొడుకే ఒప్పుకున్నాడు: ఉన్నంతసేపూ అద్దంలా ఉంటుంది, సిగ్నల్ ఒక గీత కిందికి దిగిందంటే నీళ్ళలో బుడగల్లా ముక్కలై ఒక్కసారిగా మాయం. మధ్యస్థం ఉండదు. ధ్వని నాణ్యతలో కూడా డాబ్ అంటే తప్పకుండా గొప్పని కాదు. మూటలో ఎక్కువ స్టేషన్లు ఇరికించాలంటే ఒక్కోదాన్నీ పిండాలి. పాత డాబ్‌లో ధ్వనిని కుదించడానికి వాడే ఎంపీ2 పద్ధతిలో స్టేషన్‌కి తక్కువ బిట్‌రేటు, అంటే తక్కువ డేటా, ఇస్తే మంచి ఎఫ్‌ఎం కంటే అధ్వానంగా ఉంటుంది. తర్వాత వచ్చిన డాబ్ ప్లస్ దీన్ని చాలావరకు బాగుచేసింది.

మన దేశంలో డిజిటల్ రేడియో అసలే లేదా అంటే, ఉంది, వేరే రకం. ఆకాశవాణి డీఆర్‌ఎం (డిజిటల్ రేడియో మొండియాల్) అనే పద్ధతి ఎంచుకుని ముప్పైకి పైగా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లకి పెట్టుకుంది. మారుతి, హ్యుందాయ్ లాంటి కంపెనీల కొన్ని కార్లలో అది అందుకునే రేడియో కంపెనీనుంచే వస్తుంది. మీ కొత్త కార్లో ఉందేమో చూసుకోండి, చాలామందికి ఉన్నట్టే తెలియదు. కానీ విడిగా కొనే స్టీరియోల్లో నేను తిరిగిన ఐదు షాపుల్లో ఒక్కటీ లేదు. ప్రైవేటు స్టేషన్ల విషయానికొస్తే, పెద్ద నగరాల్లో ఎఫ్‌ఎం ఆపకుండానే దాని పక్కన డిజిటల్ కూడా మొదలుపెట్టమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025లో సిఫార్సు చేసింది. అది అమలయ్యేలోపు నా కారు తుక్కుకి పోతుంది. "భవిష్యత్తులో పనికొస్తుంది" అని ఎవరైనా డిజిటల్ పేరు చెప్పి అమ్మబోతే, ఏ పద్ధతి డిజిటల్ అని అడగండి. డాబ్ ఉన్నంత మాత్రాన పెట్టె డీఆర్‌ఎం పట్టదు.

ఇంకో దారి ఫోను. ఆకాశవాణి వాళ్ళ న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ, హైదరాబాద్, తిరుపతి అన్నీ వస్తాయి. బ్లూటూత్ కలిపితే కార్లో వినొచ్చు. ఊళ్ళో ఉన్నప్పుడు నేను చేసేది అదే. కానీ కొండల దగ్గర నెట్‌వర్క్ పోతుంది, చక్రం తిరుగుతూ ఉంటుంది. పైగా గంట కొట్టే బీప్ యాప్‌లో ఆలస్యంగా వస్తుంది. నాయన ఇప్పటికీ ఆ బీప్‌కే చేతిగడియారం సరిచేసుకుంటాడు. మొదటిసారి విన్నప్పుడు "ఈ ఫోను రేడియోకి టైం తెలీదు" అని తేల్చేశాడు.

లీడ్స్ స్టీరియోలో లోపాలు లేకపోలేదు. రివర్స్ కెమెరా పోయింది, ఇంట్లో పార్కింగ్ చేసేటప్పుడు మళ్ళీ మెడ తిప్పాల్సి వస్తోంది. ఫోన్ మాట్లాడేటప్పుడు అవతలివాళ్ళు నూతిలోంచి వినిపిస్తున్నావంటారు. అక్షరాలు మరీ చిన్నవి, మధ్యాహ్నం ఎండలో కనబడవు. చెడిపోతే ఇక్కడ వారంటీ లేదు. నన్నడిగితే, విదేశంలో చుట్టాలుంటే డాబ్ స్టీరియో తెప్పించుకోమని చెప్పను. ఇక్కడే పేరున్న కంపెనీ స్టీరియో, నాబ్ ఉన్నది, మీడియం వేవ్ ఉన్నది, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకుని కొనమంటాను. ఒక్కటి మాత్రం షాపులోనే చేయండి: తెర మీద వీడియోలు చూపిస్తుంటే ఆపమని, యాంటెనా కలిపి బలహీనమైన స్టేషన్ ఒకటి పెట్టమనండి. మా కదిరి కుర్రాడికి పదికి తొమ్మిది. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానంటే, మాట ఇచ్చిన రోజుకి ఎప్పుడూ ఉండడు.

ఈ నెల మొదట్లో నాయనని తీసుకురావడానికి వెళ్ళాను. పొద్దున ఆరున్నరకి బయల్దేరాం. ఎక్కగానే కళ్ళజోడు పెట్టె, వక్కల డబ్బా స్టీరియో కింది అరలో పెట్టుకున్నాడు, అది తన కోసమే చేసినట్టు. బిళ్ళ పట్టుకుని ఒక్కో గంటూ తిప్పుతూ 900 దగ్గర ఆగాడు. కడప వచ్చింది. కొంచెం గరగర, దాని కింద నాదస్వరం. ఏమీ అనలేదు, సీటు వెనక్కి వాల్చుకున్నాడు.

గౌరిబిదనూరు రైల్వేగేటు దగ్గర ఆగినప్పుడు ఆయన వేలు ఏదో బటన్ మీద పడింది. నాదస్వరం ఆగిపోయింది. తెర మీద డాబ్ అని వచ్చి, ఆ గీత మెల్లగా నిండడం మొదలైంది. ఆయన కళ్ళజోడు తీసి పెట్టుకుని దగ్గరగా వంగి చూశాడు.

"ఏంది పాపా, ఎవర్ని ఎతుకుతాంది ఇది?"

"లీడ్స్‌ని నాయనా."

"ఇంత పొద్దున్నే వాళ్ళు లేచుండరు" అని మళ్ళీ బిళ్ళ తిప్పాడు.